పాడైనా పర్లేదనే కంప్యూటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవడం ఎలా

మొన్న వేసవి సెలవుల్లో మా మేనకోడలు మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చింది. ఎనిమిది అయిపోయి తొమ్మిదో తరగతికి పోతున్న పిల్ల. వచ్చిన మూడో రోజు నా ల్యాప్‌టాప్ మూసి పక్కన పెడుతూ, "కంప్యూటర్ల మజా ఏముంటది మామా? ఫోన్ల ఉన్నదే ఇండ్ల పెద్దగ కనవడ్తది, గంతే" అంది.

ఆ మాట మనసులోంచి పోలేదు. నేను 1998 నుంచి కంప్యూటర్లు విప్పి బిగిస్తూ బతుకుతున్నవాణ్ణి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది, అక్కడ ఒక షాపులో అసెంబ్లింగ్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు ఇంటి దగ్గరే సొంతంగా సర్వీసు చేసుకుంటున్నా. నాకు ఈ డబ్బాల్లోనే దొరికిన మజా ఆ పిల్లకి ఎందుకు దొరకట్లేదు? రెండు రోజులు ఆలోచిస్తే తోచింది ఒకటే. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఏ కంప్యూటర్నీ పాడుచేసే వీల్లేదు. నా ల్యాప్‌టాప్‌లో కస్టమర్ల బిల్లులున్నాయి, ఇంటిల్లిపాది ఫోటోలున్నాయి, బ్యాంకు పాస్‌వర్డులున్నాయి. "అది ముట్టకు బిడ్డా, అక్కడ నొక్కకు" అని మూడు రోజుల్లో నేనే పదిసార్లు అన్నా. ముట్టుకోనివ్వని వస్తువు మీద ఎవరికి మాత్రం ఇష్టం పుడుతుంది?

1997లో నేను అమీర్‌పేటలో డీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు ఒక్కో సిస్టంకి ఇద్దరం కూర్చునేవాళ్లం. రోజుకి ఒక గంట. అందులో సగం సేపు పక్కవాడి చేతిలో కీబోర్డు. అయినా ఆ గంట కోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో నిలబడి వచ్చేవాణ్ణి. అప్పటి ఆపరేటింగ్ సిస్టం ఎంఎస్ డాస్‌తో పాటు క్యూబేసిక్ అని ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఉచితంగా వచ్చేది, 1991లో డాస్ 5 నుంచి అది ఉంది. దాంట్లో గొరిల్లాలు మేడల మీద నిలబడి అరటిపండ్లు విసురుకునే ఆట ఉండేది. మొదలయ్యే ముందు గురుత్వాకర్షణ ఎంత అని అడిగేది, భూమికి 9.8 అని పక్కనే రాసి ఉండేది. మేం 1.6 కొట్టి చంద్రుడి మీద ఆడేవాళ్లం. అరటిపండు సూర్యుడికి తగిలితే సూర్యుడు నోరు తెరిచేవాడు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ ఆటకి ప్రోగ్రాం మొత్తం మన కళ్లముందే ఉండేది. ఆ ఫైలు తెరిచి ఒక లైను మారిస్తే ఆట మారిపోయేది. ఒకరోజు ఏదో లైను కొట్టేసి ఆటనే చెడగొట్టా. సార్ వచ్చి ఫ్లాపీలోంచి మళ్లీ కాపీ చేసి వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు పోయిన భయం ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

పాత రోజులన్నీ బంగారమని నేను చెప్పను. అప్పుడు సొంత సిస్టం కొనడం మాలాంటి ఇళ్లలో కలలో మాట. తెలుగు టైపు చేయాలంటే ఒక్కో ఫాంటుకి ఒక్కో లెక్క, ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరిస్తే పిచ్చి గీతలు. ఇప్పటి మెషీన్లు అన్ని రకాలుగా మెరుగే. పోయింది ఆ చెడగొట్టే వీలు ఒక్కటే. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఒక పాత డబ్బా, రెండు ఆదివారాలు చాలు. మేం ఎలా చేశామో చెప్తాను, మీరూ చేయండి.

ఏ డబ్బా తీసుకోవాలి

ముందు మీ ఇంట్లో సజ్జ మీద చూడండి. హైదరాబాద్‌లో పది పన్నెండేళ్ల కింద కొన్న డెస్క్‌టాప్ ఒకటి పాత బిందెల పక్కన, చీరలో చుట్టి, చాలా ఇళ్లలో ఉంటుంది. మాది మా అక్క వాళ్లింట్లో దొరికింది. అది విండోస్ 10తో నడిచేది. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌లో అయితే ఎనిమిదో జనరేషన్ అయినా ఉండాలి. ఒక షాపులో మా అక్కతో "స్క్రాప్‌కి వేసేయండమ్మా" అన్నారట. నాకు చాలా బాధేసింది. అందులో ఒక్క పార్టు కూడా పాడవలేదు.

ఇంట్లో లేకపోతే సీటీసీలో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాపులు అడగండి. ఆఫీసులు మార్చేసిన సిస్టంలు అక్కడ వరసగా పేర్చి ఉంటాయి. మూడు విషయాలు చూసుకోండి: ప్రాసెసర్ ఇంటెల్ కోర్ టూ డ్యుయో గానీ ఆ తర్వాతది గానీ అయి ఉండాలి, ర్యామ్ 4 జీబీ ఉండాలి, పక్క డోరు స్క్రూలు విప్పితే ఊడి రావాలి. కొనే ముందు అక్కడే ఆన్ చేయించి డిస్‌ప్లే చూసుకోండి. యూఎస్‌బీ పోర్టులు అన్నిట్లో ఒకసారి పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

ల్యాప్‌టాప్ వద్దు. ఇప్పటి సన్న ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. పిల్లలు విప్పి చూడ్డానికి అందులో ఏమీ లేదు.

రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కూడా మంచిదే. దాని వెనక కథ నాకు చాలా ఇష్టం. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లల సంఖ్య, వాళ్లకి ముందే వచ్చిన పని, ఏటేటా తగ్గిపోతున్నాయని ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్లు గమనించారు. 1980ల్లో పిల్లలు బీబీసీ మైక్రో లాంటి మెషీన్ల మీద పెరిగారు. అది ఆన్ చేయగానే నేరుగా బేసిక్ లాంగ్వేజ్‌లోకి వచ్చేసేది, ప్రోగ్రాం రాయడం తప్ప ముందు ఇంకేమీ కనిపించేది కాదు. మన దేశంలో 1984లో క్లాస్ అనే ప్రభుత్వ పథకం కింద స్కూళ్లకి ఇచ్చింది కూడా ఆ బీబీసీ మైక్రోలే. ఆ తర్వాత ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో ఆ తలుపు మూసుకుపోయింది. అందుకే 2012లో 35 డాలర్లకి రాస్ప్‌బెరీ పై తెచ్చారు. దాని రకాలకి మోడల్ ఏ, మోడల్ బీ అని పేర్లు పెట్టడం కూడా బీబీసీ మైక్రోని తలుచుకునే. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉంటే అది కొనుక్కుని, కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీలు, వైర్లు తెచ్చుకుని ఆడుకోవచ్చు. నాకు మాత్రం పాత డబ్బాయే ముద్దు. దాంట్లో ఏ ముక్క ఏ పని చేస్తుందో వేలితో చూపించొచ్చు.

విప్పడం

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. పవర్ కేబుల్ పీకేశాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. స్విచ్ ఆపితే చాలదు, కేబుల్ పీకాల్సిందే. స్టార్ స్క్రూడ్రైవర్‌తో పక్క డోరు విప్పి, ఏ ముక్కనైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ లోపలి ఇనుప రేకుని ఒకసారి పట్టుకోండి, చేతిలో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. పిల్లలకి ఒక్క నియమం గట్టిగా చెప్పండి: ఎస్‌ఎంపీఎస్ డబ్బా, అంటే కేబుల్ గుచ్చే చోట ఫ్యాన్ ఉన్న ఇనుప పెట్టె, అది మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. కేబుల్ పీకినా అందులో కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. మిగతావన్నీ ముట్టుకోవచ్చు.

దుమ్ము ఇంట్లో దులపకండి, బాల్కనీలోకో డాబా మీదకో తీసుకెళ్లండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకుని ఊదండి. గాలికి అది ఇష్టం వచ్చినట్టు తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఇప్పుడు ర్యామ్. మా పిల్ల మొహం మారింది ఇక్కడే. స్లాట్‌కి రెండు వైపులా ఉన్న క్లిప్పులు బయటికి నొక్కితే ర్యామ్ దానంతట అదే పైకి లేస్తుంది. బయటికి తీశాక అంచున బంగారు రంగు పిన్నులు కనిపిస్తాయి. మాదాంట్లో అవి నల్లబారి, పాత ఇత్తడి గిన్నె అడుగులా ఉన్నాయి. పెన్సిల్ రబ్బరు ఇచ్చి, "నోట్‌బుక్కుల తప్పు చెరిపినట్టు రుద్దు బిడ్డా, ఒక్క దిక్కుకే" అన్నా. నాలుగు రుద్దులకి మెరుపు వచ్చింది. రెండో వైపు కూడా రుద్దించి, రబ్బరు పొడి ఒక్కటి కూడా మిగలకుండా పొడి బ్రష్‌తో దులిపించా. సీటీసీలో పాతికేళ్లుగా "నో డిస్‌ప్లే" అని వచ్చే సిస్టంకి మేం మొదట చేసే వైద్యం ఇదే. చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది కూడా.

తిరిగి పెట్టే ముందు ఒక పని చేయించండి. ర్యామ్ లేకుండానే కేబుల్ పెట్టి ఆన్ చేయమనండి. ఏమీ కాలిపోదు. లోపల స్పీకర్ ఉన్న బోర్డయితే బీప్ బీప్‌మని ఆగకుండా అరుస్తుంది, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మా పిల్ల రెండడుగులు వెనక్కి గెంతి, "ఏడుస్తుందా మామా?" అంది. ర్యామ్ కనిపించట్లేదని చెప్తోంది, దానికి నోరు అదే అన్నా. కేబుల్ పీకి, ర్యామ్ మీద ఉన్న గాడి స్లాట్‌లో ఉన్న మెట్టుతో సరిగ్గా కలిసేట్టు చూసి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. రెండు క్లిప్పులూ టక్, టక్ అని వాటంతట అవే మూసుకోవాలి. మళ్లీ ఆన్ చేస్తే ఒకే ఒక్క చిన్న బీప్, వెంటనే డిస్‌ప్లే. ఆ ఒక్క బీప్ కోసం ఆ పిల్ల మధ్యాహ్నంలోగా ర్యామ్‌ని ఆరుసార్లు తీసి పెట్టింది. నేను ఆపలేదు, ప్రతిసారీ కేబుల్ పీకిందా లేదా అన్నది మాత్రం చూశా.

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉన్న సెల్ కూడా మార్చేయండి. సీఆర్ 2032 అని అడగండి, వాచీలు బాగుచేసే బండి దగ్గర కూడా దొరుకుతుంది. అది అయిపోతే సిస్టం ఆపిన ప్రతిసారీ టైము మర్చిపోతుంది. మాది 2010 జనవరి 1 చూపించింది. తేదీ అంత వెనక్కి పోతే బ్రౌజర్లో సగం సైట్లు సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదంటూ తెరుచుకోవు. ఈ సంగతి తెలియక ఎంతమంది నెట్ కంపెనీకి ఫోన్ చేసి తిట్టారో నాకు తెలుసు.

ఓఎస్, ఒక మేకు

పాత హార్డ్‌డిస్క్ తీసి, దాని బదులు ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్ పెట్టండి. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టాల్సింది దీనికే. 120 జీబీ చాలు. పాత క్యాబినెట్లలో దానికి సరిపోయే స్క్రూ రంధ్రాలు ఉండవు, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించేయండి. దానికి కదిలే భాగాలేమీ లేవు కాబట్టి పర్లేదు. తీసిన హార్డ్‌డిస్క్‌లో పాత ఫోటోలుంటే దాన్ని బీరువాలో దాచండి. ఇక ఈ డబ్బాలో పోతే ఏడవాల్సినదేదీ ఉండకూడదు.

విండోస్‌కి బదులు నేను వేసిన ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టం, లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. పాత సిస్టంల మీద తేలిగ్గా నడుస్తుంది, చూడ్డానికి విండోస్ తెలిసినవాళ్లకి కొత్తగా అనిపించదు. మీ మామూలు కంప్యూటర్లో ఆ ఫైలు దింపుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని రూఫస్ లాంటి ప్రోగ్రాంతో బూటబుల్ చేయండి, అంటే సిస్టం దాన్నుంచే మొదలయ్యేలా. పాత డబ్బాకి గుచ్చి ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కుతూ ఉండండి. కొన్ని కంపెనీలకి అది ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ తెరుచుకుంటుంది, డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ బొమ్మ ఉంటుంది. డిస్క్ మొత్తం చెరిపేయాలా అని అడుగుతుంది. చెరిపేయమనండి. ఇది పిల్లల చేతనే నొక్కించండి.

అయిపోయాక ఆ పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి వేరే పనికి వాడకండి. మేం దానికి ఎర్ర దారం కట్టి, టేబుల్ పక్క గోడకి మేకు కొట్టి వేలాడదీశాం. ఏం పాడైనా అరగంటలో మళ్లీ మొదటికి రావచ్చన్న ధీమా ఆ మేకు మీద ఉంటుంది. నేను అమీర్‌పేటలో చూసిన సార్ చేతిలో ఫ్లాపీ లాంటిదన్నమాట.

మొదటి వారం నెట్ ఇవ్వకండి

కష్టంగా అనిపిస్తుంది, పిల్లలు గొడవ చేస్తారు కూడా. కానీ నెట్ ఉంటే బ్రౌజర్ తెరుస్తారు, బ్రౌజర్ తెరిస్తే ఫోన్లో ఉన్నదే ఇక్కడా వస్తుంది, మా పిల్ల మొదట అన్నదే నిజమవుతుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఒక్క పది నిమిషాలు నెట్ పెట్టి, టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-టీకే (sudo apt install python3-tk) అని ఒక కమాండ్ ఇచ్చేసి నెట్ తీసేయండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మింట్‌లో ముందే ఉంటుంది గానీ బొమ్మలు గీయడానికి కావాల్సిన ఈ ముక్క ఉండకపోవచ్చు. అది లేకపోతే, మనం బొమ్మలు గీయబోయే టర్టిల్ అసలు తెరుచుకోదు. ఇంకో గోతి కూడా ముందే చెప్తున్నా: మీరు రాసే ఫైలుకి టర్టిల్ అనే పేరు పెట్టకండి. పైథాన్ అసలు టర్టిల్‌ని వదిలేసి మీ ఫైలునే తెరిచి తికమకపడుతుంది. మాకు ఒక పూట దీంతోనే పోయింది. ముగ్గు అని పేరు పెట్టుకోండి, అదే మనం గీసేది.

టర్టిల్ అంటే స్క్రీన్ మీద గీత గీసుకుంటూ నడిచే ఒక చిన్న బాణం. ఫార్వర్డ్ 100 అంటే ముందుకి వెళ్తుంది, రైట్ 90 అంటే కుడికి తిరుగుతుంది. ఈ రెండూ నాలుగుసార్లు చేస్తే చతురస్రం. ఆ చతురస్రాన్ని ఒక్కోసారి 10 డిగ్రీలు తిప్పుతూ 36 సార్లు గీస్తే వాకిట్లో ముగ్గులాంటి పెద్ద పువ్వు పడుతుంది. ఫార్వర్డ్ 200, రైట్ 144 ఐదుసార్లు చేస్తే అయిదు మూలల నక్షత్రం.

మా పిల్ల 144కి బదులు 145 కొట్టింది. నక్షత్రం చివర కలవలేదు, కొద్దిగా ఎడం మిగిలింది. సరిచేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపా. "ఉండనీ. అయిదుకు బదులు ఇరవై సార్లు తిప్పి చూడు." ఇరవైకి నక్షత్రం మీద నక్షత్రం కొంచెం కొంచెం జరుగుతూ పడింది. నలభైకి మధ్యలో గుండ్రటి ఖాళీ ఏర్పడింది. వందకి రథచక్రంలా నిండిపోయింది, కానీ చివర్లో బాణం గీసిన గీతల మీదే మళ్లీ నడుస్తోంది. "మామా, ఇది ఎప్పుడో కలిసిపోయింది! ఏడ గలిసిందో దొర్కవట్టాలె" అని ఒక్కో అంకె మార్చుకుంటూ కూర్చుంది. అన్నం చల్లారిపోయింది. సరిగ్గా 72 దగ్గర కలిసింది. 72 మూలలు. ఎందుకు 72 అని నన్నడిగితే చెప్పకుండా కాగితం ఇచ్చా. 145ని 72తో గుణిస్తే 10440. దాన్ని 360తో భాగిస్తే 29, శేషం లేదు. బాణం 29 సార్లు పూర్తిగా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చిందన్నమాట. ఆ శేషం సున్నా వచ్చినప్పుడు పిల్ల వేసిన కేక విని మా అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ రోజు రాత్రి నేను పడుకోబోతూ ఆలోచించా. 145 అని తప్పు కొట్టినప్పుడు ఏ యాపూ దాన్ని దిద్దలేదు, ఏ వీడియోలోనూ జవాబు చూపించలేదు. ఆ తప్పు ఆ పిల్ల సొంతం, 72 కూడా సొంతం.

తర్వాత తెలుగు అక్షరాలతో ఆడించండి, ఇది మన పిల్లలకి తప్పక చేయించాలి. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక అంకె. పైథాన్లో సీహెచ్‌ఆర్ అనే ఫంక్షన్‌కి 65 ఇచ్చి ప్రింట్ చేస్తే ఇంగ్లీషు మొదటి పెద్ద అక్షరం వస్తుంది. 3077 ఇవ్వండి, అ వస్తుంది. 3077 నుంచి 3129 దాకా ఒక లూప్ తిప్పితే అ నుంచి హ వరకు మన ఓనమాలు వరసగా దిగుతాయి. మధ్యలో 3085, 3089, 3113 దగ్గర ఖాళీ డబ్బాలు వస్తాయి. అక్షరాలకి అంకెలిచ్చే యూనికోడ్ పట్టికలో ఆ గదులు తెలుగుకి ఖాళీగా వదిలేశారు. ఎందుకు ఖాళీ అన్నది పిల్లలే దేవనాగరి అక్షరాల వరస పక్కన పెట్టుకుని కనిపెట్టొచ్చు, కాబట్టి ఇక్కడ చెప్పను.

ఆ తర్వాత ఎల్‌ఈఎన్ అనే ఫంక్షన్‌తో తెలుగు అన్న మాటకి పొడవెంతో అడగండి. మనకి మూడక్షరాలు. కంప్యూటర్ 6 అంటుంది. తకి ఒకటి, ఎత్వానికి ఒకటి, లకి ఒకటి, కొమ్ముకి ఒకటి, గకి ఒకటి, మళ్లీ కొమ్ముకి ఒకటి. మాటని తిరగేసి రాయమంటే ముందు కొమ్ము దిక్కులేకుండా వేలాడుతూ వస్తుంది, తర్వాత అక్షరాలన్నీ ఒకదాని గుణింతం ఇంకొకటి తగిలించుకుని వస్తాయి. మా పిల్ల తన పేరు, వాళ్ల స్నేహితురాళ్ల పేర్లు అన్నీ ఇలా తిరగేసింది. తెలుగు మాట సరిగ్గా తిరగబడేలా ప్రోగ్రాం రాయడం పెద్దవాళ్లకి కూడా మంచి పరీక్షే. మేం వేసవి అయిపోయే లోపు గుణింతాల దాకా వచ్చాం, వత్తులు ఇంకా లొంగలేదు.

కావాలని పాడుచేయండి

రెండో ఆదివారం పని ఇది. వదిలేయకండి, అసలు మందు ఇందులోనే ఉంది.

ఫైల్ మేనేజర్‌ని రూట్‌గా, అంటే ఏదైనా మార్చగల అధికారంతో, తెరవండి, ఎర్ర పట్టీతో హెచ్చరిక వస్తుంది. బూట్ అనే ఫోల్డర్లో గ్రబ్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. సిస్టం లేవగానే ఏ ఓఎస్ తెరవాలో చూసుకునేది అందులోనే. దాని పేరు మార్చి పోయింది అని పెట్టండి. పెన్‌డ్రైవ్ ఏదీ లేకుండా రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ రాదు. నల్లటి స్క్రీన్ మీద గ్రబ్ అన్న మాట, పక్కన మినుకుమినుకుమనే కర్సర్, అంతే. ఆ క్షణం పిల్లల మొహాలు చూడాలి. మా పిల్ల నా చొక్కా పట్టుకుంది.

ఇప్పుడు మేకు మీది పెన్‌డ్రైవ్ తీయించండి. దాంతో బూట్ చేస్తే మింట్ పెన్‌డ్రైవ్ నుంచే తెరుచుకుంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఫైల్ మేనేజర్లో ఎడమ పక్క లోపలి డిస్క్ కనిపిస్తుంది, దాన్ని తెరిచి, రూట్‌గా వెళ్లి, ఆ ఫోల్డర్‌కి గ్రబ్ అన్న పాత పేరే తిరిగి పెట్టించండి. ఆపి, పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేస్తే సిస్టం ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. నేను నోటితో చెప్పా గానీ మౌస్ ముట్టలేదు. మీరూ ముట్టకండి, ఎంత ఆలస్యమైనా సరే. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి.

రెండోసారి ఏం పాడుచేయాలో పిల్లల్నే ఎంచుకోమనండి. మా పిల్ల మర్నాడు నేను సర్వీసుకి పోయినప్పుడు ఏం చేసిందో తెలియదు, సాయంత్రానికి లాగిన్ కూడా రావట్లేదు. "మొత్తం మళ్ల ఏస్త మామా" అని తనే పెన్‌డ్రైవ్ తీసుకుంది. ముగ్గు ఫైలు పోయిందని మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. బ్యాకప్ అన్న మాట నేను కస్టమర్లకి ఇన్నేళ్లుగా చెప్తున్నా, ఒక్కరికీ ఎక్కదు. ఆ పిల్ల ఆ రాత్రే ఇంకో పాత పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, దానికి పచ్చ దారం కట్టి రెండో మేకు కొట్టించుకుంది. ముగ్గు మళ్లీ మొదట్నుంచీ రాసింది, ఈసారి 72 కూడా చేత్తో కొట్టకుండా కంప్యూటరే లెక్కగట్టేలా.

నెట్ ఎప్పుడివ్వాలన్నది మీ ఇష్టం. మేం రెండో వారం ఇచ్చాం, బ్యాంకు, మెయిలు లాంటి ఏ అకౌంటూ ఆ డబ్బాలో తెరవకూడదన్న షరతుతో. అప్పటికి మా పిల్లకి ముగ్గు పిచ్చి పట్టింది కాబట్టి నెట్ పెద్దగా పట్టించుకోలేదు. మెలికల ముగ్గులకి సర్కిల్ ఫంక్షన్లో వ్యాసార్ధం ఎంత, ఎన్ని డిగ్రీల మేర తిరగాలి అని వెతకడానికి మాత్రం వాడుకుంది.

చివరగా క్యాబినెట్ సంగతి. డోరు తెరిచి వదిలేయకండి. మన ఇళ్లలో బల్లులు వెచ్చదనానికి లోపల దూరి బోర్డు షార్టు చేస్తాయి, అలా పోయిన బోర్డులు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. డోరు మూయండి. వెనక రెండు స్క్రూలుంటాయి. ఒక్కటే పెట్టండి, అది కూడా స్క్రూడ్రైవర్‌తో కాదు, పిల్లల వేళ్లకి వచ్చేంత వదులుగా, చేత్తో.